పిల్లలు కచేరీలో ఎందుకు కూర్చోరు: పాలమూరు, నల్లగొండల్లో కుటుంబ కచేరీల తీరు

క్లుప్తంగా: కుటుంబ కచేరీకి వచ్చిన పిల్లలు పది నిమిషాలకే లేచి పరుగులు పెడితే వాళ్లకు ఓపిక లేదంటారు. కారణం ఎక్కువసార్లు ఏర్పాట్లలోనే ఉంటుంది. ఆలస్యంగా మొదలుపెట్టడం, ప్రసంగాలు, మితిమీరిన మోత, వాద్యం కంటికి ఆనకపోవడం అందులో ముఖ్యమైనవి. రాత్రంతా సాగిన ఒగ్గు కథ (డోలు దరువు మీద మల్లన్న వంటి దేవుళ్ల కథ చెప్పే కళ), యక్షగానం పసివాళ్లను ఎలా ఆపగలిగాయో గమనిస్తే వీటిని సరిదిద్దుకునే దారి దొరుకుతుంది.

ఒకే బ్యానరు, మూడు రకాల కార్యక్రమాలు

సెలవుల్లో పిల్లలకు సంగీతమో నాటకమో దగ్గర నుంచి చూపించాలనుకునే తల్లిదండ్రులకు మొదటి చిక్కు పేరు దగ్గరే వస్తుంది. ‘సాంస్కృతిక కార్యక్రమం’ అనే బ్యానరు కింద మహబూబ్‌నగర్‌లోనైనా నల్లగొండలోనైనా మూడు వేర్వేరు సంగతులు నడుస్తుంటాయి.

మొదటిది బడి వార్షికోత్సవం. అందులో పిల్లలే ఆడతారు, పాట పెన్‌డ్రైవ్‌లోంచి వస్తుంది. నెలరోజులు రిహార్సల్ చేసిన పిల్లకు కూడా ఆ పాటలో మోగేది ఏ వాద్యమో, దాన్ని వాయించే మనిషి చేతులు ఎలా కదులుతాయో తెలియదు. రెండోది గణేశ్ నవరాత్రుల్లో, జాతర్లలో పెట్టే ఆర్కెస్ట్రా. అది పెద్దల కోసం, రాత్రి భోజనాలయ్యాక మొదలవుతుంది. మూడోది కుటుంబ కచేరీ. ఇందులో పిల్లలు శ్రోతలు. అమ్మో నాన్నో తాతో పక్కనే ఉంటారు. వాద్యం కళ్లముందు ఉంటుంది. మొత్తం గంటకు మించదు. మధ్యలో లేవచ్చు, అడగచ్చు, గొంతు కలపచ్చు. మొదటి రెండింటికి అలవాటైన నిర్వాహకులు వాటి పద్ధతులనే మూడోదానికీ వాడడంతో గందరగోళం మొదలవుతుంది.

ఇలాంటి కుటుంబ కచేరీ పాశ్చాత్య దేశాల్లో వందేళ్ల నాటి ఏర్పాటు. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ అనే వాద్యబృందం 1924 నుంచి పిల్లల కచేరీల వరుస నడిపింది. లెనార్డ్ బెర్న్‌స్టైన్ 1958 నుంచి 1972 వరకు ఆ కచేరీలను టీవీ ద్వారా ఇళ్లలోకి తెచ్చాడు. 1936లో మాస్కోలో రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ పిల్లల థియేటర్ కోసం కట్టిన ‘పీటర్ అండ్ ద ఉల్ఫ్’ సుమారు 25 నిమిషాల కథ. పిట్టకు ఫ్లూటు, బాతుకు ఓబో, పిల్లికి క్లారినెట్, తోడేలుకు మూడు హార్న్‌లు. కథ మొదలయ్యే ముందే ఒక్కో వాద్యాన్ని విడిగా వినిపిస్తారు. ఒక పాత్రకు ఒక ధ్వని అన్న ముడి పడ్డాక, తోడేలు ఎక్కడిదాకా వచ్చిందో పిల్లలు చెవులతోనే పట్టేస్తారు. మన దేశంలో 1977లో ఐఐటీ ఢిల్లీలో కిరణ్ సేఠ్ మొదలుపెట్టిన స్పిక్ మేకే సంస్థ బడులకు, కాలేజీలకు శాస్త్రీయ, జానపద కళాకారులను తీసుకెళ్తోంది. కళాకారుడు కచేరీ చేస్తూనే తన విద్య గురించి వివరించడం దాని పద్ధతి.

రాత్రంతా సాగిన ఆటలో పసివాళ్ల చోటు

పాలమూరు (మహబూబ్‌నగర్ ప్రాంతం), నల్లగొండ పల్లెల్లో పిల్లలు కళను చూసిన తీరు వేరు. వాళ్లను ఎవరూ ‘పరిచయం’ చేయలేదు. ఊరి నడుమ ఒగ్గు కథో చిందు యక్షగానమో పెట్టినప్పుడు ముందు వరుసంతా వాళ్లదే. నిద్ర వస్తే అక్కడే గొంగడి మీద ఒరిగేవాళ్లు, డోలు దరువు మారగానే లేచి కూర్చునేవాళ్లు. కథ సగమే తెలిసినా నష్టం లేదు. ఏడాది తిరిగేసరికి అదే కథ మళ్లీ వస్తుంది.

ఆ కట్టుబడిలో పిల్లలకు పనికొచ్చే ఉపాయాలు చాలా ఉన్నాయి. వాటిలో పెద్దది వంత. ప్రధాన కథకుడు విడిచిన చివరి మాటను వంతలు అందుకుని తిప్పి పాడతారు. పెద్దలకు అది లయ. పిల్లలకు మాత్రం మాటను రెండోసారి వినే అవకాశం. కథ జారిపోకుండా పట్టి ఉంచేది అదే. బుర్రకథలో అయితే ‘తందాన తాన’ రెండు విడతలకే నోటికి వచ్చేస్తుంది, మూడో విడతకు ముందు వరుస కూడా గొంతు కలుపుతుంది. పక్కన ఉన్న ఇద్దరిలో ఒకరు హాస్యం చూసుకుంటారు. పిల్లలు అడగాలనుకునే వెర్రి ప్రశ్నలన్నీ ఆయనే అడిగేస్తాడు. గొల్లసుద్దుల్లోనూ ఇదే తీరు, గొర్రెల కాపర్ల వేషంలో ఒకరు అడగడం, మరొకరు చెప్పడం. నల్లగొండ జిల్లాకు చెందిన సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఈ రూపాన్నే జనంలోకి తీసుకెళ్లడానికి ఒక కారణం, అక్షరం రాని ముసలమ్మకూ ఐదేళ్ల పిల్లాడికీ ఒకేసారి అర్థమయ్యే కట్టు దానికి ఉండడమే.

రెండో ఉపాయం, ఒకే పని ఎక్కువసేపు సాగనివ్వకపోవడం. కాసేపు వచనం, తర్వాత పాట, తర్వాత చిందు, మధ్యలో ఒక ఛలోక్తి. చెవి అలిసేసరికి కంటికి పని వస్తుంది. మూడోది స్వేచ్ఛ. లేచి నీళ్లు తాగొస్తే ఎవరూ కసురుకోరు.

ఇది ఎందుకు చెదిరింది? ఒక్కో కళాకారుల కులానికి ఆట ఆడించి పైకమిచ్చే దాతృ కులం ఒకటి, ఫలానా ఊళ్లలో తామే ఆడే వంశపారంపర్య హక్కు (మిరాశీ) ఉండేవి. వ్యవసాయం, పెత్తనాలు మారిపోవడంతో ఆ కట్టు సడలింది. కరువు, వలసలు పాలమూరు పల్లెల్లో చూసేవాళ్లను, ఆడేవాళ్లను ఇద్దరినీ చెదరగొట్టాయి. టీవీ వచ్చింది. వీటితో పాటు అంతగా చర్చకు రాని సంగతి ఒకటి ఉంది. ఊరు పెరిగి, ఆటకు మైకు తప్పనిసరైన తర్వాత 2000 నాటి ధ్వని కాలుష్య నిబంధనలు వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ వాడకూడదు. సాంస్కృతిక, మత ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి వరకే రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వగలదు. నిబంధన సబబైనదే. అయితే మైకు మీద ఆధారపడిన ఆటకు తెల్లవారుజాము దాకా సాగే వీలు దీంతో పోయింది.

రాత్రి నిడివి గల కథను వేదిక మీద అరగంటకు, గంటకు కుదించేటప్పుడు ముందుగా కోత పడేది వంతకు, హాస్యానికి. ‘ముఖ్యమైన ఘట్టం’ మాత్రం మిగులుతుంది. అసలు పొరపాటు ఇక్కడే. పిల్లలను పట్టి ఉంచే భాగాలు పోయి, పెద్దలకు ముందే తెలిసిన ఘట్టం మిగిలితే ముందు వరుస ఖాళీ అవుతుంది. గంట కార్యక్రమం కావాలంటే కథను తగ్గించాలి. మల్లన్న కథలో ఒక్క సన్నివేశం చాలు. వంతను, ఛలోక్తులను మాత్రం కదపకూడదు.

ఏ వాద్యం ముందు, ఏది వెనుక

ఈ ప్రాంతానికి కళాకారులను బయటి నుంచి తెచ్చుకోవాల్సిన అగత్యం లేదు. 12 మెట్ల కిన్నెర అనే తీగవాద్యం వాయించే దర్శనం మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన, బుర్రవీణ అనే మరో తీగవాద్యం వాయించే కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో అదే పురస్కారం దక్కింది. ఒగ్గు డోలు బృందాలు, డప్పు బృందాలు, కోలాటం జట్లు నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి వైపు ఉన్నాయి.

చిక్కంతా వీటిని పేర్చడంలో ఉంది. కార్యక్రమం ‘ఊపుగా’ మొదలవాలని చాలామంది డప్పునో డోలునో ముందు పెడతారు. ఆ మోత విన్న చెవికి తర్వాత వచ్చే కిన్నెర వినపడదు. వెదురు కాండం, ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో అతికించిన మెట్లు ఉన్న ఆ వాద్యం ధ్వని చిన్నది. పెద్ద చప్పుడుకు గురైన చెవి సున్నితత్వం కొంతసేపు తగ్గుతుంది కాబట్టి, కిన్నెరను డప్పు తర్వాత పెడితే పిల్లలకు అది బొమ్మలాగే కనిపించి ఊరుకుంటుంది. అందుకే వరుస తిరగేయాలి. కిన్నెర లేదా బుర్రవీణ మొదట, తర్వాత మాటతో కూడిన కథ, చివర డోలు, డప్పు. మొదటి పది నిమిషాలు నెమ్మదిగా ఉండే వాద్యం ఉంటే హాలు కూడా దానంతటదే సద్దుమణుగుతుంది. కిన్నెరకు పాలమూరులో సొంత కథలూ ఉన్నాయి. ఉన్నవాళ్లను దోచి పేదలకు పంచిన పండుగ సాయన్న గాథ ఈ నేల మీదిదే కాబట్టి, ఊళ్ల పేర్లు వినగానే పిల్లలు తలెత్తి చూస్తారు.

డప్పు విషయంలో వేదిక ఎక్కకముందు జరిగేదే మంచి పాఠం. తోలు డప్పును మంట దగ్గర కాపుతారు. గాలిలోని తేమను తోలు పీల్చుకుంటే సడలి, ధ్వని మొద్దుబారుతుంది. వేడికి తేమ పోయి తోలు బిగుసుకుంటుంది, స్వరం పైకి లేస్తుంది. కాపకముందు ఒక దెబ్బ, కాపిన తర్వాత ఒక దెబ్బ వినిపిస్తే నాలుగేళ్ల పిల్లకు కూడా తేడా తెలుస్తుంది. ఈ పనిని హాలు వెనక చాటుగా ముగించేస్తారు. అలా కాకుండా పిల్లలను ముందు బయటికే పిలిచి, మూడు మీటర్ల దూరంలో తాడు కట్టి, పక్కన రెండు బకెట్ల నీళ్లు పెట్టుకుని, గడ్డి మంట మీద కాపడం చూపించాలి. తర్వాత, మోగించని డప్పుల వెంట అందరూ లోపలికి నడుస్తారు. చిర్ర అనే లావు పుల్ల ఏ చేతిలో ఉంది, సన్నని సిటికెన పుల్ల ఏ చేతిలో ఉంది, ఏది బరువైన దెబ్బ వేస్తోంది, ఏది చిన్నగా నింపుతోంది అని ఒక్కసారి విడివిడిగా చూపితే చాలు. కాపిన తోలు కాసేపటికి చల్లబడి మళ్లీ సడలుతుంది. డప్పును వరుసలో చివర పెట్టినప్పుడు అది మొదలయ్యే ముందు బయట మరోసారి కాపడానికి ఐదు నిమిషాలు లెక్కలో ఉంచుకోవాలి. ఫైబర్ డప్పులకు ఈ బాధ లేదు, కానీ ఈ పాఠమూ లేదు.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. డప్పును చావు వాద్యమని, కిన్నెరను అడుక్కునేవాళ్ల వాద్యమని పిల్లలు ఇళ్లలో వింటూ వస్తారు. ఆ కళాకారులది ఏ కులమో కూడా వింటారు. వ్యాఖ్యాత ఈ సంగతిని దాటవేస్తే ఆ చులకన అలాగే ఉండిపోతుంది. ఉపన్యాసం అక్కర్లేదు. కళాకారుణ్ని ‘గారు’ అని పిలవడం, కుర్చీ వేయడం, ఆయన గురువు ఎవరో, ఎన్నేళ్లు నేర్చుకున్నారో ఆయన నోటే చెప్పించడం సరిపోతుంది. పిల్లలు మాటకన్నా మర్యాదను త్వరగా గమనిస్తారు.

చెవి ఎంత తట్టుకుంటుంది

వృత్తి భద్రతలో పాటించే లెక్క ప్రకారం 85 డెసిబుల్స్ ధ్వనిని రోజుకు 8 గంటల వరకు భరించవచ్చు. ధ్వని 3 డెసిబుల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 88 దగ్గర 4 గంటలు, 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలు. సంగీత వేదికలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పెట్టిన హద్దు 15 నిమిషాల సగటున 100 డెసిబుల్స్. అది పెద్దలు వెళ్లే చోట్లను దృష్టిలో పెట్టుకున్నది. పిల్లల కచేరీలో ముందు వరుస దగ్గర సగటు 85 దాటకపోవడమే మంచిది. ఫోన్‌లోని కొలత యాప్‌లు కచ్చితం కావు, కానీ 80కి 95కి తేడా చెప్పగలవు, ఈ పనికి అది చాలు.

పసిబిడ్డ చెవి గొట్టం పొట్టిగా, ఇరుకుగా ఉంటుంది కాబట్టి సన్నని కీచుధ్వని అందులో మరింత పెరుగుతుంది. పెద్దలకు చిరాకు మాత్రమే పుట్టించే మైకు కుయ్యిమనడం ఏడాది బిడ్డను ఏడిపించేది ఇందుకే. ఆ కూతకు కారణం కూడా తెలిసిందే. బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి వెళ్లి చక్రంలా తిరుగుతుంది. బాక్సులు మైకుకన్నా ముందు ఉండాలి, మైకు గాయకుడి నోటికి దగ్గరగా ఉండాలి, వాడని మైకులు ఆపేయాలి. బాక్సును నేల మీద పెడితే ఆ మోతంతా కింద కూర్చున్న పిల్లల చెవికే తగులుతుంది. స్టాండు మీద పెద్దల తల ఎత్తుకు పైన పెట్టి, ముందు మూడు మీటర్లు ఖాళీ వదలాలి.

డోలు, డప్పుకు మైకే వద్దు. మాటకు మాత్రం కావాలి. ఈ చిన్న సంగతి మైక్‌సెట్ అతనికి ముందే చెప్పకపోతే అన్నింటికీ పెట్టేస్తాడు, అది ఆయన అలవాటు. లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి తప్పనిసరి. బడి, ఆస్పత్రి, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉంటే నియమాలు ఇంకా కఠినంగా ఉంటాయి. వేదిక ఖరారు చేసుకునే ముందే అడిగి తెలుసుకోవాలి.

ఫంక్షన్ హాలు చేసే నష్టం

జిల్లా కేంద్రాల్లో దొరికేది ఎక్కువగా పెళ్లిళ్ల ఫంక్షన్ హాలే. టైల్స్ నేల, నున్నటి గోడలు, గాజు తలుపులు. చప్పట్లు ఒకసారి కొట్టి ఆగితే ఆ శబ్దం రెండు సెకన్లకు పైగా తిరుగుతుంటుంది. ముందు మాట తోక తర్వాతి మాట తల మీద పడుతుంది. కథ వినబడుతుంది గానీ తెలియదు. నిర్వాహకులు ‘వినపడట్లేదు’ అన్న ఫిర్యాదుకు సౌండు పెంచుతారు, దాంతో ప్రతిధ్వని కూడా పెరుగుతుంది. మందు వేరే ఉంది. నేలంతా జంపఖానాలు పరచాలి, వెనక గోడకు షామియానా బట్ట వేలాడదీయాలి, హాలు పెద్దదైతే సగాన్నే వాడుకోవాలి. బడి ఆవరణలో చెట్టు కింద పెట్టుకుంటే ప్రతిధ్వని బాధ ఉండదు గానీ, తెరిచిన చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని 6 డెసిబుల్స్ పడిపోతుంది. అందుకని దగ్గరగా కూర్చోబెట్టాలి.

దగ్గర అంటే ఎంత? కళాకారుడి ముందు రెండు మీటర్లు వదిలి, ఆరు మీటర్ల దాకా అర్ధచంద్రాకారంలో కూర్చుంటే సుమారు 50 చదరపు మీటర్ల చోటు వస్తుంది. మనిషికి అర చదరపు మీటరు చొప్పున దాదాపు 100 మంది. మైకు లేకుండా కిన్నెర అందే పరిధి కూడా ఇంచుమించు ఇదే. 400 మంది వస్తే ఒకే పెద్ద కచేరీ కన్నా ఒకే రోజు రెండు మూడు విడతలు మేలు. వేదిక ఎత్తు వద్దు, ఒక్క అడుగు అరుగు చాలు. నాలుగడుగుల స్టేజీ కింద కూర్చున్న పిల్లకు కళాకారుడి చెప్పులు కనిపిస్తాయి, వేళ్లు కనిపించవు.

లైట్లు పూర్తిగా ఆర్పకూడదు. చీకటికి భయపడే పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు కొందరు అక్కడే వెనక్కి తిరిగిపోతారు. తలుపు దగ్గర ఒక మూల ఖాళీగా ఉంచి, మోత భరించలేని పిల్లలు కాసేపు వెళ్లి మళ్లీ రావచ్చని మొదటే చెబితే తల్లుల ముఖాల్లో బెదురు తగ్గుతుంది.

వేళ, బస్సు, పత్తి

పిల్లలు రావాలంటే పెద్దలకు తీరిక ఉండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నల్లగొండ, పాలమూరు రెండు వైపులా పత్తి ఏరుడు. ఆ రోజుల్లో పల్లెల నుంచి జనం రారు. మార్చిలో పరీక్షలు, ఆ వెంటనే ఎండలు. రేకుల షెడ్డులో ఏప్రిల్ సాయంత్రం పెట్టడం కళాకారుడికీ పిల్లలకూ శిక్షే. సంక్రాంతి తర్వాత నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు ఉన్న ఆదివారాలు అన్నింటికన్నా అనువైనవి. ఆరు బయటైతే సాయంత్రం 4కి మొదలై 5కి ముగిస్తే పల్లెలకు వెళ్లే చివరి బస్సు తప్పిపోదు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. తల్లులు, ఆడపిల్లలు వచ్చిపోవడానికి ఖర్చు అడ్డు కాదు, 5 నుంచి 12 ఏళ్ల మగపిల్లాడికి అర టికెట్. మండల కేంద్రాల నుంచి కుటుంబాలను రప్పించడానికి ఇది నిజంగా పనికొచ్చే వెసులుబాటు. కరపత్రంలో తిరుగు బస్సు వేళలు అచ్చేయడం నిర్వాహకులకు పెద్ద శ్రమ కూడా కాదు.

నిడివి వయసును బట్టి ఉండాలి. ఐదేళ్లలోపు వారికి 25 నుంచి 30 నిమిషాలు, ఎనిమిదేళ్ల వరకు 45, ఆపైన గంట. కలగలిసి వస్తే చిన్నవాళ్ల లెక్కే పాటించాలి. ఒక్కో అంశం 5 నుంచి 7 నిమిషాలు, ప్రతి రెండింటికి ఒకసారి పిల్లల చేతికో గొంతుకో పని.

ఆ గంట ఎక్కడ కరిగిపోతుంది

అనుకున్న వేళకన్నా 40 నిమిషాలు ఆలస్యం, జ్యోతి ప్రజ్వలన, ఆరుగురి ప్రసంగాలు, శాలువాలు, ఫొటోలు. అసలు వాద్యం మోగేసరికి పిల్లల ఓపికలోని మంచి భాగం కరిగిపోయి ఉంటుంది. ఇది ఎవరో ఒకరి తప్పు కాదు, చందా ఇచ్చినవారికి గౌరవం చేయాలన్న మంచి ఉద్దేశం నుంచే వస్తుంది. ఆ గౌరవాన్ని కచేరీ అయిపోయాక పెట్టుకుంటే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. అతిథులు ఉండలేరంటే పిల్లలు రాకముందే విడిగా ఒక చిన్న కూడిక పెట్టవచ్చు.

ఇంకో నష్టం ఫోన్లది. పిల్లాడి ముందు నాన్న నిలబడి వీడియో తీస్తుంటే వెనక మూడు వరుసలకు ఏమీ కనిపించదు. చివరి ఐదు నిమిషాలు వీడియో కోసం ప్రత్యేకంగా వాయిస్తామని మొదటే చెబితే దాదాపు అందరూ ఆగుతారు. వ్యాఖ్యాత భాష కూడా చూసుకోవాలి. గ్రాంథికంలోనో సగం ఇంగ్లిష్‌లోనో మాట్లాడితే కళాకారుడి పాలమూరు మాట తక్కువదన్నట్టు వినిపిస్తుంది.

కచేరీ తర్వాత

పిల్లలను అక్కడికక్కడే శిక్షణ తరగతిలో చేర్పించాలని తొందరపడటం చాలాచోట్ల కనిపిస్తుంది. అది ఎదురు తిరుగుతుంది. కచేరీ అయ్యాక 15 నిమిషాలు వాద్యాన్ని ముట్టుకోనిస్తే ఎక్కువ మిగులుతుంది. కిన్నెర సున్నితమైనది, మెట్లు ఊడితే మళ్లీ అతికించడం అందరికీ రాదు. కాబట్టి దాన్ని కళాకారుడే పట్టుకుని పిల్లల వేలితో ఒక్క తీగ మీటించాలి. డప్పుకు ఆ భయం లేదు. ఇంటికి వెళ్లాక స్టీలు పళ్లెం మీద ఆ దరువు మోగుతుంటే కచేరీ చెవికెక్కినట్టు లెక్క. ఒక వారం ఆ మోతను ఓర్చుకోవాలి.

కళాకారుల వైపు నుంచి చూస్తే, ఒక్క రోజు పిలిచి శాలువా కప్పి పంపడం వల్ల వాళ్ల బతుకు మారదు. మిరాశీ కాలంలో పైకం తక్కువైనా ఫలానా నెలలో ఫలానా ఊరు అన్న ఖాయం ఉండేది. నాలుగు బడులు కలిసి ఒకే బృందంతో ఏడాదికి నాలుగు కచేరీలు మాట్లాడుకుని, బయానా ముందే ఇచ్చి, దారి ఖర్చులు విడిగా కట్టిస్తే ఆ ఖాయం కొంతైనా తిరిగి వస్తుంది. పిల్లలకూ అదే మేలు. రెండోసారి వచ్చిన కళాకారుడు కొత్త పాట జోలికి వెంటనే పోకుండా, కిందటిసారి ముగించిన దరువుతోనే మొదలుపెట్టాలి. అది గుర్తున్న పిల్లలు ఆయన నోరు తెరవకముందే వంత అందుకుంటారు.